తిరగేసి చూస్తే తెలుస్తుంది

బీసెంట్ రోడ్డు మొదట్లోనే మైకు చెవిలో దూరుతోంది. "ఆషాఢం ఆఫర్లమ్మా, ఆషాఢం ఆఫర్లు! ఒకటి కొంటే రెండు! రండమ్మా, చూసి వెళ్ళండి, చూస్తే డబ్బులేం అడగం!" పదకొండు కూడా కాలేదు, అప్పటికే సగం గవర్నర్‌పేట ఇక్కడే ఉన్నట్టుంది. తెల్లవారుజామున పడిన జల్లుకు రోడ్డు ఇంకా తడారలేదు. పైన ఎండ, కింద ఆవిరి. నైటీల గుట్ట పక్కన చెవిరింగుల బండి, దాని పక్కన మొక్కజొన్న పొత్తులు కాల్చే కుంపటి. పెళ్ళిళ్ళు లేని నెల కదా, కొట్లన్నీ పాత సరుకు వదిలించుకుని శ్రావణానికి చోటు చేసుకుంటున్నాయి.

మా పిన్ని నాకు రెండడుగుల ముందు నడుస్తోంది, భుజాన ఖాళీ గుడ్డసంచితో. జాకెట్లు కుట్టి కుట్టి కళ్ళజోడు తెచ్చుకున్న మనిషి. బట్ట కనబడితే ముందు చెయ్యి వెళ్తుంది, తర్వాతే కళ్ళు. ఫుట్‌పాత్ మీద వేలాడుతున్న ప్రతి కొంగునూ రెండు వేళ్ళ మధ్య నలిపి వదిలేస్తూ పోతోంది.

"పిన్నీ, కొనవు కదా, మరి ప్రతిదీ ముట్టుకోవడం దేనికి?"

"ముట్టుకోడానికి డబ్బులక్కర్లేదు కాబట్టి. పద."

అద్దాల తలుపు తెరుచుకోగానే ఏసీ గాలి మొహానికి కొట్టింది. మూడంతస్తుల కొట్టు. లేడీస్ రెండో అంతస్తు. రాడ్ల మీద కుర్తాలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. లేత నీలం కుర్తా ఒకటి చూడగానే నచ్చింది. మెడ దగ్గర సన్నటి కుట్టు పూలు, మోచేతుల దాకా చేతులు. 1,999 మీద ఎర్ర గీత, కింద 799. సేల్స్ కుర్రాడు హ్యాంగర్‌తో సహా నా భుజాలకి ఆనించి, "మీకే కుట్టినట్టుంది మేడమ్" అన్నాడు. అద్దంలో అలాగే ఉంది కూడా.

పిన్ని దాన్ని అతని చేతుల్లోంచి తీసుకుని కౌంటర్ మీద పరిచింది. తర్వాత లోపలి వైపు బయటికి వచ్చేలా మొత్తం తిరగేసింది.

"అమ్మా, అది రివర్సండీ."

"తెలుసు నాయనా. చూడాల్సింది రివర్సే."

కళ్ళజోడు సర్దుకుని పక్క కుట్టు మీద బొటనవేలి గోరు పెట్టింది. "లెక్కపెట్టు. అంగుళానికి ఎన్ని కుట్లు?" గోటి పక్కన లెక్కపెడితే ఏడే వస్తున్నాయి. మంచి చొక్కాకి 12 తగ్గకూడదంటుంది పిన్ని. కుట్టు పొడుగయ్యే కొద్దీ మిషను తొందరగా పరిగెడుతుంది, రోజుకి ఎక్కువ పీసులు దిగుతాయి, చంక దగ్గర తొందరగా విడిపోతాయి కూడా. తర్వాత కుట్టుకు అవతల మిగిలిన బట్ట చూపించింది. పావు అంగుళం కూడా లేదు, ఓవర్‌లాక్ దారం దాన్ని కొరికేసినట్టుంది. "రేపు నువ్వు కొంచెం ఒళ్ళు చేశావనుకో, వదులు చెయ్యడానికి ఇందులో ఏముంది?" కింద మడత చూసింది, అదీ అంతే. గుండీని పట్టుకుని మెల్లగా లాగితే దారం చిన్నగా సాగింది. గుండీకీ బట్టకీ మధ్య దారం చుట్టి ఇచ్చే చిన్న కాడ లేదు. కాజా అంచుల్లో నూలు అప్పుడే లేస్తోంది.

చివరికి కుర్తాని ట్యూబులైటు వైపు ఎత్తి పట్టుకుంది. అవతల ఉన్న కుర్రాడి మొహం కనబడింది. అతను నవ్వేశాడు. పాపం, అతనికీ తెలుసు.

మెడ వెనక లేబుల్ చదవడం నా వంతు. పాలిస్టర్ 65, కాటన్ 35. బెజవాడలో ఈ అంకెకి చాలా అర్థముంది. నూరు గ్రాముల నూలు మామూలు గాలిలోంచే ఎనిమిదిన్నర గ్రాముల దాకా తేమని పట్టుకోగలదు, పాలిస్టర్ అర గ్రాము కూడా పట్టుకోదు. అంటే చెమట పడితే నూలు తాగుతుంది, పాలిస్టర్ ఒంటికే అంటిస్తుంది. పక్క రాడ్డు మీద జారిపోతూ మెరుస్తున్నవి రేయాన్. చేతికి హాయిగానే ఉంటాయి, కానీ తడిసినప్పుడు వాటి బలం బాగా తగ్గిపోతుంది. బకెట్లో నానబెట్టి బండ మీద బాదే ఇంట్లో అవి ఎక్కువ కాలం నిలవవు. నూలు వీటికి పూర్తిగా వ్యతిరేకం, తడిస్తే ఇంకా గట్టిపడుతుంది.

"ఇంకోటి చూపించమంటారా మేడమ్? ఇవి మూడు తీసుకుంటే నాలుగోది ఫ్రీ."

"మూడు అక్కర్లేని దానికి నాలుగోది ఎందుకు బాబూ," అంది పిన్ని, కుర్తాని మళ్ళీ సరిగ్గా తిరగేసి, హ్యాంగర్‌కి తగిలించి, పై గుండీ పెట్టి ఇస్తూ.

మెట్లు దిగుతూ ఫోను తీశాను. అందులో నిన్న రాత్రి రాసుకున్న జాబితా ఉంది. ఆఫీసుకి కుర్తాలు మూడు: నీలం, గంధం రంగు, తెలుపు. నూలు చీర ఒకటి. ఏ కుర్తా మీదికైనా నడిచే చున్నీ ఒకటి. అంతే, ఇంకేమీ లేవు.

ఆ నాలుగు ముక్కలు రాయడానికి నిన్న బీరువా మొత్తం ఖాళీ చేయాల్సి వచ్చింది. మంచం మీద పోగులు పెట్టించింది పిన్ని. వారం వారం ఉతుక్కి పడేవి ఒక పోగు. అది చూస్తే ఎంత చిన్నదో! పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ తీసేవి ఇంకోటి. "ఎప్పుడైనా వేసుకోవచ్చు" అనుకున్నవి మూడోది, అదే అన్నిటికన్నా ఎత్తు. నాలుగోది అందరిళ్ళల్లోనూ ఉండేదే: వ్రతాలకీ గృహప్రవేశాలకీ పెట్టిన చీరలు, మడత విప్పని జాకెట్ ముక్కలు. ఆ పోగుని పిన్ని అసలు లెక్కలోకే తీసుకోలేదు. "అవి నీవి కావు. నీ దగ్గర ఆగాయంతే. రేపు నువ్వూ ఎవరికో బొట్టు పెట్టి ఇవ్వాల్సినవి," అని అట్టపెట్టెలో సర్ది అటక ఎక్కించింది.

మూడో పోగులో ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని మూడు ప్రశ్నలు అడిగింది. దీని మీదికి నీ దగ్గర ఏముంది? వారంలో ఏ రోజు వేసుకుంటావ్? మనింట్లో ఉతకొచ్చా? దేనికీ జవాబు రానివి వేరే సంచిలోకి వెళ్ళాయి. కొన్ని చెల్లెలికి, కొన్ని పనమ్మాయి వాళ్ళ పిల్లకి, చిరిగినవి ఇంటి గుడ్డలకి. మిగిలినవి చూస్తే ఏం లోటుందో దానంతటదే తేలింది. మూడు రంగుల ప్యాంట్లున్నాయి, వాటి మీదికి నడిచే కుర్తాలే తక్కువ. జాకెట్లు దండిగా ఉన్నాయి, వాటి మీదికి కట్టుకోదగ్గ మామూలు చీర లేదు. జీన్స్ ఉన్నది బాగానే ఉంది, మోకాళ్ళు పోయేదాకా ఇంకోటి అక్కర్లేదు. అక్కడ ఆగాం.

నలుపు కుర్తా కూడా రాద్దామనుకున్నాను. పిన్ని ఒప్పుకోలేదు. "నలుపు నీ ఆఫీసుకి బానే ఉంటుంది. మంగళవారం గుడికెళ్దామంటే వేసుకోవు, పేరంటానికి వేసుకోవు, పెద్దమ్మ చూస్తే ఊరుకోదు. మన ఇళ్ళల్లో అన్ని రోజులకీ పనికొచ్చే రంగు కావాలంటే ముదురు నీలం చాలు." ఎవరో చెప్పిన పట్టికలో అందరికీ నలుపే ముందుంటుంది. మనిషి ఏ ఊళ్ళో, ఎవరి మధ్య తిరుగుతుందో చూసుకుని రాసుకుంటే పట్టికే మారిపోతుంది.

కొట్టు బయటికొచ్చి, ఆ జాబితా పట్టుకుని మంగళగిరికి బయల్దేరాం. బస్టాండులో గుంటూరు బస్సు దొరికింది. కిటికీ పక్కన పిన్ని. బస్సు కనకదుర్గ వారధి ఎక్కగానే చల్లగాలి కొట్టింది. ఎగువ నుంచి ఇంకా వరద రాలేదు, కృష్ణలో ఇసుక తిన్నెలు బయటపడి, వాటి మధ్య నీళ్ళు పాయలుగా పోతున్నాయి. తాడేపల్లి దాటి కాసేపటికి కొండ కనబడింది, ఆ తర్వాత దాని కింద గాలిగోపురం. 1807–09 మధ్య రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కట్టించిన పదకొండు అంతస్తుల గోపురం అది. బస్సులో సగం మంది చేతులు జోడించారు. మంగళగిరిలో దిగేవాళ్ళు రెండు రకాలు: పానకాల స్వామికి పానకం పోయించేవాళ్ళు, చీరలకొచ్చేవాళ్ళు. మేం ఇవాళ రెండో రకం.

కొట్టుకెళ్ళే ముందు మగ్గం చూద్దామంది పిన్ని. తెలిసిన ఇల్లే. ఇరుకు సందు, అరుగు మీద ముసలావిడ రాట్నం తిప్పుతూ కండెలు చుడుతోంది. వాకిట్లోకి రాకముందే చప్పుడు వినబడుతోంది. టక్, టకటక్, టక్. లోపల గది మధ్యలో నేలలోకి గుంట, అందులో కాళ్ళు దించి నేల మట్టానికి కూర్చుని ఉన్నాడు పెద్దాయన. కాళ్ళ కింద తొక్కుడు చెక్కలు. కుడిచేత్తో తాడు లాగితే నాడె ఇటునుంచి అటు దూసుకుపోతుంది, ఎడమచేత్తో చట్రాన్ని తన వైపు లాగి కొడితే పన్నె పేకని బిగిస్తుంది. ఒక కాలు, తాడు, దెబ్బ. మళ్ళీ ఇంకో కాలు. ఒక్కో దెబ్బకి బట్ట వెంట్రుకవాసి ముందుకి జరుగుతోంది. ఇంతకీ నేస్తున్నది ముదురు నీలమే.

"ఎంత నంబరు నూలు బాబాయ్ గారూ?" పిన్ని అడిగింది.

"ఎనభై అమ్మా. పడుగూ ఎనభయ్యే, పేకా ఎనభయ్యే."

నూలు నంబరు లెక్క చిన్నదే, మనం అడగం గానీ. ఒక్క పౌను నూలులో, అంటే సుమారు 454 గ్రాముల్లో, 840 గజాల చిలపలు ఎన్ని వస్తే అది అంత నంబరు. 80 నంబరంటే 67,200 గజాలు, అరవై ఒక్క కిలోమీటర్లు. అర కిలో కూడా తూగని నూలు ఇక్కడినుంచి గుంటూరు వెళ్ళి, తిరిగొచ్చి, దాదాపు మళ్ళీ వెళ్ళేంత పొడవుంటుంది. నంబరు పెరిగే కొద్దీ దారం సన్నబడుతుంది, బట్ట తేలికవుతుంది. తేలికైనా పలచన కాకుండా ఉండాలంటే దారాలు దగ్గరగా పడాలి. ఇందాక ట్యూబులైటు ముందు కుర్రాడి మొహం కనబడింది ఇక్కడి తేడా వల్లే: అందులో దారాలు దూరం దూరంగా పడ్డాయి.

చప్పుడు ఆగింది. పడుగులో ఒక పోగు తెగింది. పెద్దాయన వంగి, వేల పోగుల్లోంచి ఆ ఒక్కదాన్నీ వేలికొనతో వెతికి పట్టుకున్నాడు. ఆ కొసనీ పక్కన వేలాడుతున్న ఇంకో ముక్కనీ కలిపి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒకసారి మెలిపెట్టి, ముడేసి, పన్నెలోంచి దూర్చి బిగించాడు. నాకు ముడి కనబడేలోపే అయిపోయింది.

"తెగడం మామూలేనా?"

"గుంటలో చెమ్మ ఉంటది కదమ్మా, అంత తొందరగా తెగదు. ఎండాకాలం ఇబ్బంది. వానాకాలం ఇంకో ఇబ్బంది, గట్టిగా పడితే గుంటలోకి నీళ్ళొస్తాయి. ఆ రోజు పని లేదు, కూలీ లేదు."

నేసిన బట్ట మీద అడ్డంగా ఒక కర్ర కట్టి ఉంది. దాని రెండు కొసల్లోనూ సన్నటి సూదులు బట్ట ఓరలో గుచ్చుకుని ఉన్నాయి, వెడల్పు కుంచించుకుపోకుండా బిగించి పట్టడానికి. పెద్దాయన దాన్ని విప్పి ఇంకో నాలుగు వేళ్ళు ముందుకి జరిపాడు. పాత చోట, ఓర పొడవునా సూది బెజ్జాలు మిగిలాయి. పిన్ని నా వేలు తీసుకుని ఆ బెజ్జాల మీద రాసింది. "ఇది గుర్తుపెట్టుకో. కొట్లో ఎవరేం చెప్పినా ఓర ఒకసారి చూడు. చేనేతలో ఈ బెజ్జాలు ఎక్కువగా కనబడతాయి. బట్ట తిరగేసినా రంగు వెలిసినట్టు ఉండదు, నూలుకే రంగేసి నేస్తారు కాబట్టి రెండు వైపులా ఒకటే." నేత మధ్యలో అక్కడక్కడా ఒక పోగు కాస్త లావుగా తగులుతోంది. అద్దంలా ఒకే తీరుగా జారిపోతే అనుమానపడాలట.

"ఇలాంటి అంచు చీరకి ఎన్ని రోజులు పడుతుంది?"

"నేత రెండు రోజులమ్మా. పడుగు సర్దుకోవడం, గంజి పెట్టడం, కండెలు చుట్టడం, అవి ఎవరూ లెక్కపెట్టరు." బయట రాట్నం చప్పుడు ఆగకుండా వినబడుతూనే ఉంది.

బజారులో కొట్టు పెద్దది కాదు. చెప్పులు బయట విప్పి తెల్లటి పరుపు మీద కూర్చోవాలి. గోడకి నేల నుంచి కప్పు దాకా తానులే: నేరేడు రంగు, మామిడి చిగురు, నెమలికంఠం, ఇటుక రంగు. కొట్టాయన అడక్కుండానే చీరలు విప్పడం మొదలుపెట్టాడు. మంగళగిరి చీరలో ఒళ్ళంతా సాదాగా ఉంటుంది, సొగసంతా అంచులోనే. నిజాం అంచంటే చిన్న చిన్న గోపురాల వరస, జరీతో. నేరేడు రంగు మీద వెడల్పాటి బంగారు జరీ చీర ఒకటి పరుపు మీద పడగానే నా చెయ్యి ఆగలేదు.

పిన్ని ఏమీ అనలేదు. నావైపు చూసింది, అంతే. దీని మీదికి ఏ జాకెట్టుంది? లేదు, కుట్టించాలి. ఏ రోజు కట్టుకుంటావ్? పెళ్ళికి. పెళ్ళికి కట్టేవి ఎన్నున్నాయి? నిన్న మంచం మీద చూశాను కదా.

"చాలా బావుందండీ. ఇవాళ్టికి వద్దు," అన్నాను. కొట్టాయన నొచ్చుకోలేదు, మడతపెట్టేశాడు. "మరేం చూపించమంటారు చెప్పండమ్మా" అన్నప్పుడు మాత్రం గొంతులో తేడా వచ్చింది. ఏం కావాలో తెలిసిన మనిషితో మాట్లాడే గొంతు అది. గంధం రంగు, సన్న ఆకుపచ్చ అంచు, జరీ తక్కువ అని చెప్పాను. నాలుగే విప్పాడు. మూడోది తీసుకున్నాం. నా దగ్గరున్న ఆకుపచ్చ, మెరూన్, నీలం జాకెట్లు మూడూ దాని మీదికి నడుస్తాయి. కొంగు కొసన చేనేత గుర్తు చీటీ వేలాడుతోంది. 2006లో మొదలుపెట్టిన గుర్తు అది. పిన్ని దాన్ని చూసింది, చూసి ఓర కూడా తడిమింది.

కుర్తాలకి తాను బట్ట. ముదురు నీలం తాను దింపగానే పిన్ని సంచిలోంచి తెల్ల చేతిరుమాలు, నీళ్ళ సీసా తీసింది. రుమాలు మూల తడిపి బట్ట మీద గట్టిగా రుద్దింది. లేత నీలం మరక దిగింది.

"మొదటి రెండు ఉతుకులు పోతదమ్మా, తర్వాత పోదు," కొట్టాయన దాచలేదు.

"పోతే పోనీ, విడిగా ఉతుకుతాం. తెల్లదాంతో కలిపి కుట్టించకుండా ఉంటే చాలు." గంధం రంగు మీద రుద్దింది, ఏమీ దిగలేదు. తెలుపుకి ఆ గొడవే లేదు, వెలుతురుకి పట్టుకుని చూసి పక్కన పెట్టింది.

మీటరు 320. కుర్తాకి రెండున్నర మీటర్లు చాలు, కానీ కొత్త నూలు బట్ట నీళ్ళు పడితే కుంచించుకుపోతుంది కాబట్టి పావు మీటరు ఎక్కువ కొయ్యమంది. ఒక్కో ముక్క 880 పడింది. కుట్టుకూలి ఇంకో 420 వేసుకుంటే 1,300. పొద్దున కొట్లో 799 కుర్తా గుర్తొచ్చి ఫోనులో లెక్క వేశాను. పిన్నిది నోటి లెక్క: "ఒక్కో కట్టుకి ఎంత పడిందో చూడు." వారానికోసారి చొప్పున రెండేళ్ళు వేసుకుంటే నూరు సార్లు దాటుతుంది, కట్టుకి 13 రూపాయలు. ఆ 799 కుర్తా ఇరవై ఉతుకులకి రంగు వెలిసి చంకలో విడిపోతే కట్టుకి 40. ఏది చవకో చెప్పక్కర్లేదు. అయితే ఈ లెక్కకి ఒక షరతుంది: నూరు సార్లూ నిజంగా వేసుకోవాలి. బీరువాలో కూర్చున్న 1,300 కుర్తా అన్నిటికన్నా ఖరీదైనది.

చున్నీ మాత్రం కొనలేదు. మూడింటి మీదికీ నడిచే రంగు ఈ కొట్లో కనబడలేదు. జాబితాలో ఆ గీత అలాగే ఉండనీ అంది పిన్ని. దొరికినప్పుడు చూద్దాం.

ఇంటికొచ్చాక మూడు ముక్కలూ మూడు బకెట్లలో పడ్డాయి, ఉత్త నీళ్ళలో. పొద్దున చూస్తే నీలం బకెట్‌లో ఇంకు కలిపినట్టుంది. పిండకుండా జాడించి, డాబా మీద నీడపట్టున ఆరేశాం. ఆరాక టేపు పెట్టి చూస్తే 108 అంగుళాల బట్ట 104కి దిగింది. కుట్టిన తర్వాత ఇది జరిగుంటే కుర్తా మోకాళ్ళ పైకి వచ్చేది.

ఏలూరు రోడ్డు పక్క సందులో టైలరు కొట్టు. మెట్టు మీద ఇద్దరు పడితే మూడో మనిషి బయట నిలబడాలి. గోడకి సుద్దముక్కలు, ఇంచి టేపులు, హుక్కులకి వేలాడుతూ చీటీ గుచ్చిన జాకెట్లు. మాస్టారు మిషను ఆపి లేవకుండానే "రండమ్మా, శ్రావణం జాకెట్లయితే మాత్రం ఇప్పుడే చెప్తున్నా, డేటు ఇవ్వలేను" అన్నాడు.

"జాకెట్లు కాదు మాస్టారూ, కుర్తాలు మూడు. నెమ్మదిగా ఇవ్వండి. నెమ్మదిగానే కుట్టండి."

ఆది కుర్తా ఇచ్చాను. నాకున్న వాటిల్లో భుజాల దగ్గర అతికినట్టు కూర్చునేది అదే. బల్ల మీద పరిచి మాస్టారు కూడా ముందు తిరగేశాడు! పిన్ని నాకేసి చూసి కళ్ళెగరేసింది. అతను ఒంటి కొలతలు కూడా తీసుకున్నాడు, ఆదిలో భుజం సరిపోయినా చేతి చుట్టు అర అంగుళం బిగుతుగా ఉందని. సుద్దతో గీతలు గీస్తుంటే పిన్ని ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోయింది. పక్కల లోపల ఒక్కో వైపు ఒకటిన్నర అంగుళం వదలండి. కింద మడత రెండంగుళాలు. కుట్టు సన్నగా వెయ్యండి.

"జేబు కావాలి," నేనన్నాను.

"ఆడవాళ్ళ కుర్తాకి జేబేంటమ్మా, షేపు పోతది."

"పక్క కుట్టులో పెట్టండి, లోపలికి. ఫోను పట్టాలి."

కాసేపు ఆలోచించి, మిగిలిన ముక్కలోంచి జేబు సంచీ తీయొచ్చని ఒప్పుకున్నాడు. చీలిక ఎక్కడ మొదలవాలో జేబుని బట్టి రెండంగుళాలు కిందికి దింపాడు. ఈ ఒక్క మార్పుతో నాకు భుజాన సంచి లేకుండా కింది వీధి దాకా వెళ్ళే వీలొచ్చింది. ఏ రాడ్డు మీదా వేలాడని సౌకర్యం ఇది, అడిగి చేయించుకోవాల్సిందే.

పిన్ని సంచి అడుగు నుంచి ఇంకో బట్ట తీసింది. బాబాయి తెల్ల చొక్కా, పొందూరు ఖద్దరు. వాలుగ చేప దవడ పళ్ళతో పత్తిని దువ్వి, రాట్నం మీద నూరో నంబరు దాకా సన్నంగా వడికే ఊరది, గాంధీజీ మెచ్చిన ఊరు. అక్కినేని నాగేశ్వరరావు ఇష్టంగా కట్టిన పంచెలు అక్కడివే. ఏళ్ళు గడిచాయి, చొక్కా ఒళ్ళు మాత్రం మెత్తబడిందే తప్ప ఎక్కడా పిగల్లేదు. కాలర్ మడత దగ్గర మాత్రం గడ్డం రాసుకుని రాసుకుని బట్ట జల్లెడైంది.

"కాలర్ తిప్పాలి మాస్టారూ."

మాస్టారు మొహం వెలిగింది. "ఎన్నాళ్ళయిందమ్మా ఆ మాట విని! ఇప్పుడెవరు తిప్పిస్తున్నారు, పారేస్తున్నారు గానీ." బ్లేడు తీసుకుని అక్కడికక్కడే కాలర్ పట్టీ దగ్గర కుట్టు విప్పడం మొదలుపెట్టాడు. ఒక్కో కుట్టునీ తెంపి, దారం ముక్కల్ని ఊది, కాలర్‌ని పూర్తిగా ఊడదీసి మా ముందు పెట్టాడు. ఎన్నేళ్ళుగానో మెడ వైపు దాక్కున్న ముఖం కొత్తదిలా ఉంది. దాన్ని పైకి తిప్పి, అరిగిన వైపు కిందికి పోనిచ్చి, పట్టీలో దూర్చి గుండుసూదులు గుచ్చాడు. మిషను కింద పెట్టి రెండు వరసలు. పావుగంట. చొక్కాకి ఇంకో మూడు నాలుగేళ్ళు ఆయుష్షొచ్చింది. ఇది కుదిరింది మొదట్లో కుట్టినాయన కాలర్‌కి రెండు వైపులా ఒకే బట్ట వేశాడు కాబట్టే. కింది వైపు వేరే రంగు ముక్క ఉంటే తిప్పడానికి ఏమీ ఉండేది కాదు. ఇలాంటివి కొనేటప్పుడు ఎవరూ చెప్పరు, వేలు పెట్టి చూసుకుంటేనే తెలుస్తాయి.

నీలం బట్ట మీద కత్తెర పడింది. మూలలు, చంక గుండ్రాలు, మెడ చక్రం బల్ల కిందికి రాలుతున్నాయి. పిన్ని వంగి ఒక్కొక్కటీ ఏరి సంచిలో వేసుకుంటోంది.

"అవెందుకమ్మా, చెత్త."

"చెత్త కాదు. రేపు మోచేయి దగ్గర చిరిగితే అతుక్కి ఇదే రంగు ఎక్కడ తెస్తారు? తెల్లది, గంధం రంగుది కూడా కోశాక ముక్కలు దాచి ఇవ్వండి."

మాస్టారు కత్తెర ఆపాడు. "కొత్తది ఇంకా కుట్టనే లేదు, అప్పుడే అతుకు సంగతా?"

"కొనేటప్పుడే ఆలోచించాం మాస్టారూ, కుట్టేటప్పుడు కాదు," అంటూ అడ్వాన్సు డబ్బులు లెక్కపెట్టి బల్ల మీద పెట్టింది పిన్ని.